కారు ఏదన్నది తర్వాత, డబ్బు ఎట్లా కట్టేదన్నది ముందు: నెల్లూరు, ప్రకాశం వాళ్ళకు ఒక లెక్క

ఆన్‌రోడ్ తొమ్మిది లక్షలు పడే ఒక పెట్రోలు కారు తీసుకుందాం. రెండు లక్షలు చేతి డబ్బు, ఏడు లక్షలు బ్యాంకు లోను. తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్ళు. ఏడేళ్ళు వాడుకుని మూడున్నర లక్షలకు అమ్మేశామనుకుందాం. ఈ బండి అసలు గేటు దాటకుండా, కవరు కప్పుకుని షెడ్డులోనే ఉన్నా నెలకు ఎంత తింటుంది?

విలువ తరిగిపోవడం కింద ఏడేళ్ళలో ఐదున్నర లక్షలు, అంటే నెలకు 6,500 పైన. వడ్డీ మొత్తం లక్షా 72 వేలు, ఏడేళ్ళ మీద పంచితే నెలకు 2,000 పైచిలుకు. ఇన్సూరెన్సు సగటున ఏడాదికి 18,000 వేసుకుంటే నెలకు 1,500. సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ అన్నీ కలిపి ఇంకో 1,500. మొత్తం కూడితే 11,600 దగ్గర తేలుతుంది. పెట్రోలు ఇంకా పొయ్యనే లేదు.

లీటరు 110 రూపాయలు, మైలేజీ 16 వేసుకుంటే పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు 6 రూపాయల 90 పైసలు. ఇప్పుడు మీ బండి నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే అన్నీ కలిపి కిలోమీటరుకు 30 రూపాయలు పడుతుంది. వెయ్యి తిరిగితే పద్దెనిమిదిన్నర. రెండు వేలు తిరిగితే పన్నెండు, పదమూడు. ట్యాక్సీకి కిలోమీటరు 14 చొప్పున ఇచ్చి, డ్రైవరు బేటా (రోజు భత్యం), టోలు కలుపుకున్నా పదహారు పదిహేడు దాటదు. కాబట్టి నెలకు పన్నెండు వందల కిలోమీటర్ల దగ్గర సొంత కారూ ట్యాక్సీ సమానమవుతాయి. అంతకు తక్కువ తిరిగేవాళ్ళు సౌకర్యానికి అదనంగా డబ్బు కడుతున్నారన్న మాట. కట్టడం తప్పు కాదు, ఎంత కడుతున్నారో తెలిసి కట్టాలి.

నేను ఇన్‌కంట్యాక్స్, జీఎస్టీ రిటర్నులు వేసే పని చేస్తాను. అంగడి వాళ్ళు, టీచర్లు, రొయ్యల చెరువుల వాళ్ళు, పొగాకు రైతులు వస్తారు. వచ్చిన పని అయిపోయి లేచేటప్పుడు "సార్, కారు తీసుకుందామనుకుంటున్నా, ఏది మంచిది?" అని అడుగుతారు. మోడళ్ళ సంగతి నాకంటే వాళ్ళ పిల్లలకే బాగా తెలుసు. నేను తిరిగి అడిగేవి రెండే: నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, మీ ఇంటికి డబ్బు ఏ నెలలో వస్తుంది. మొదటిది కొనాలా వద్దా అన్నది తేలుస్తుంది. రెండోది ఎట్లా కొనాలో తేలుస్తుంది. ఆ రెండో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. హైదరాబాదు ఐటీ ఉద్యోగి కోసం చేసిన ఈఎంఐని తెచ్చి, ఏడాదికి రెండుసార్లు డబ్బు చూసే రైతు మెడకు తగిలించుకుంటారు.

జీతం వచ్చేవాళ్ళకు

ఒకటో తారీఖు జీతం పడేవాళ్ళకు బ్యాంకు లోనే సులువు. ఇందులో పెద్ద చర్చ లేదు, ఒక్క విషయం తప్ప. షోరూములో కూర్చుని ఉండగా ఫైనాన్సు కుర్రాడు బ్రోచరు వెనక పెన్నుతో రాసిస్తాడు: "ఏడు లక్షలు, 7%, 60 నెలలు, 15,750." బ్యాంకేమో తొమ్మిది శాతం అంటోంది, ఇక్కడ ఏడే కదా అని మనకు సంతోషం. కానీ బ్యాంకు తొమ్మిది శాతానికి నెల వాయిదా 14,531. ఏడు శాతం వాయిదా తొమ్మిది శాతం వాయిదా కంటే పన్నెండు వందలు ఎక్కువ ఎట్లా వచ్చింది?

ఆ ఏడు ఫ్లాట్ రేటు. ఏడు లక్షల మీద ఏడాదికి 49,000 చొప్పున ఐదేళ్ళకూ వడ్డీ కట్టేశారు, 2,45,000. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, నాలుగో ఏట మీ దగ్గర వాళ్ళ డబ్బు రెండు లక్షలే మిగిలినా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఏడు లక్షల మీదే నడుస్తుంది. దాన్ని బ్యాంకు పద్ధతిలో, అంటే తగ్గే బాకీ మీద లెక్కిస్తే పన్నెండున్నర శాతం అవుతుంది. ఐదేళ్ళలో తేడా 73,000. ఆ డబ్బుతో నాలుగేళ్ళు ఇన్సూరెన్సు కట్టుకోవచ్చు.

కాబట్టి ఎవరు ఎంత శాతం చెప్పినా, వాయిదాను నెలలతో గుణించి, అందులోంచి మీ చేతికి వచ్చిన లోను తీసేయండి. మిగిలిందే వడ్డీ. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని పెట్టింది. ప్రాసెసింగు ఫీజు లాంటి ఖర్చులన్నీ కలిపిన ఏడాది రేటు అందులో ఉంటుంది. సంతకం పెట్టకముందే ఆ కాగితం అడగండి. "తర్వాత మెయిల్ వస్తుంది సార్" అంటే, మెయిల్ వచ్చాకే సంతకం పెడతానని చెప్పండి. షోరూము ఇచ్చే ఇన్సూరెన్సే తీసుకోవాలని కూడా రూలు లేదు. అదే కవరేజీకి బయట ఎంతో ఫోనులోనే చూసుకుని బేరం ఆడొచ్చు.

ఏడేళ్ళ లోను గురించి రెండు మాటలు. అదే ఏడు లక్షలకు వాయిదా 11,262కి దిగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. వడ్డీ మాత్రం లక్షా 72 వేల నుంచి రెండు లక్షల 46 వేలకు పోతుంది. నాలుగేళ్ళు కట్టాక కూడా మూడున్నర లక్షల బాకీ ఉంటుంది. ఆ టైములో బండికి యాక్సిడెంటో, మీకు బదిలీయో అయితే అమ్మిన డబ్బంతా బ్యాంకుకే. ఐదేళ్ళ వాయిదా బరువనిపిస్తే ఆ కారు మీ స్థాయికి ఒక మెట్టు పైన ఉందని నా అభిప్రాయం. కింది మెట్టు కారు చూసుకోండి.

చెరువుల మీద, పంట మీద ఆధారపడ్డవాళ్ళకు

ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్ళకైనా, టంగుటూరు, కొండపి వైపు పొగాకు వాళ్ళకైనా, పొదలకూరు నిమ్మతోటల వాళ్ళకైనా డబ్బు నెలనెలా రాదు. వచ్చినప్పుడు గంపగుత్తగా వస్తుంది. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగేదీ) బాగుండి, రేటు పలికిన వారమే షోరూముకు పోతారు. ఆ వారం చేతిలో ఉన్న ధైర్యం ఎనిమిది నెలల తర్వాత ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువుల దగ్గర ఏమైందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. రేటు పడిందని బ్యాంకు వాయిదా ఆగదు. ఒక్క చెక్కు బౌన్సయితే ఛార్జీ ఒకవైపు, సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కు) ఇంకోవైపు. రేపు మేత కోసమో, ఏరియేటర్ల కోసమో లోనుకు పోయినప్పుడు ఆ స్కోరే అడ్డం పడుతుంది.

ఇట్లాంటి వాళ్ళకు నేను చెప్పే దారి వేరు. మొదటిది, ట్రాక్టరు లోన్ల మాదిరి ఆరు నెలలకోసారి వాయిదా పెట్టే ఫైనాన్సు కంపెనీలు కార్లకు కూడా కొన్ని ఉన్నాయి, అడగండి. వడ్డీ కాస్త ఎక్కువుంటే ఉంటుంది, కానీ పంట చేతికొచ్చే నెలలకు వాయిదా సరిపడుతుంది. అది దొరక్కపోతే మామూలు బ్యాంకు లోనే తీసుకుని, పట్టుబడి డబ్బు పడిన రోజునే ఆరు వాయిదాల సొమ్ము వేరే ఖాతాలో వేసి, ఈఎంఐ ఆ ఖాతా నుంచే పోయేట్టు పెట్టేయండి. ఆ ఖాతా ఏటీఎం కార్డు ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర పెడితే ఇంకా మంచిది. మా క్లయింట్లలో ఈ పద్ధతి పాటించేవాళ్ళకు వాయిదా టెన్షన్ నేను చూళ్ళేదు.

రెండోది ఇంకా ముఖ్యం. లోను ఫిక్స్‌డ్ రేటా (చివరిదాకా మారనిది), ఫ్లోటింగ్ రేటా (మధ్యలో మారేది) అని కనుక్కోండి. ఫ్లోటింగ్ రేటు మీద, వ్యాపారానికి కాకుండా సొంతానికి తీసుకున్న లోనును వ్యక్తులు ముందే తీర్చేస్తే బ్యాంకు జరిమానా వెయ్యకూడదు. అది రిజర్వు బ్యాంకు నిబంధన. ఫిక్స్‌డ్ రేటు కారు లోన్లకు మాత్రం ముందే మూసేస్తే మూడు నాలుగు శాతం లాగేవాళ్ళున్నారు. జీతగాడికి ఇది పెద్ద విషయం కాదు, అతను ఎట్లాగూ నెలనెలా కట్టుకుంటూ పోతాడు. మంచి పంట పడితే ఒకేసారి రెండు లక్షలు కట్టేద్దామనుకునే రైతుకు మాత్రం పావు శాతం ఎక్కువైనా ఫ్లోటింగే లాభం.

చేబదులు, బంగారం, చీటీ

మన వైపు నోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బండి కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. "కాగితాలు లేవు, తిరుగుడు లేదు" అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఏడు లక్షలకు నెలకు 14,000 వడ్డీకే పోతుంది, అసలు అట్లాగే ఉంటుంది. బ్యాంకుకు ఇంకో 531 రూపాయలు కలిపి కడితే ఐదేళ్ళలో అసలుతో సహా తీరిపోతుంది. ఇంతకంటే ఈ దారి గురించి చెప్పాల్సింది లేదు.

బంగారం లోను అంత తీసిపారేయాల్సింది కాదు. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఎక్కదు, నెల వాయిదా ఒత్తిడి ఉండదు, డబ్బు వచ్చినప్పుడు కట్టి నగ విడిపించుకోవచ్చు. డౌన్‌పేమెంటుకు లక్షో రెండో తక్కువ పడితే, ఏడాదిలోపు తీర్చేదైతే ఇదే చవక. కారు మొత్తానికి మాత్రం వద్దు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకుంటూ పోతే, కారు పాతబడిపోతుంది, నగ బ్యాంకులోనే ఉంటుంది. ఇంకొక మాట: పంట పేరు చెప్పి తీసుకున్న బంగారం లోనుతో కారు కొనడం ఆ లోను నిబంధనకే విరుద్ధం. అందరూ చేస్తున్నారు కదా అంటే, నేను సమాధానం చెప్పను.

చీటీ సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఐదు లక్షల చీటీ, యాభై మంది, నెలకు పది వేలు అనుకోండి. ఐదో నెలలోనే పాట పాడి, లక్షన్నర వదులుకుని మూడున్నర లక్షలు ఎత్తుకుంటే, ఆ తర్వాత నలభై అయిదు నెలలు కట్టాల్సిందే. డివిడెండు (పాటలో వదులుకున్న డబ్బులో మన వాటా) వస్తుంది గనక ప్రతి నెలా పూర్తి పది వేలు పడదు, అయినా బ్యాంకు వడ్డీ కంటే బాగా ఎక్కువే తేలుతుంది. అదే చీటీని కారు కోసమే అని రెండేళ్ళు, మూడేళ్ళు ముందు మొదలుపెట్టి, చివరి సగంలో ఎత్తుకుంటే అది అప్పు కాదు, పొదుపు. అంగడి వాళ్ళకు ఇది బాగా నప్పుతుంది, రోజువారీ గల్లాలోంచి తీసి కట్టేస్తారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీయేనా అని చూసుకోండి. ఆ చట్టం ప్రకారం ఫోర్‌మన్ (చీటీ నడిపేవాళ్ళ) కమీషను 7 శాతం దాటకూడదు. వీధిలో తెలిసినామె దగ్గర వేసిన చీటీ కూడా అట్లాగే ఉంటుందనుకోకండి. ఆమె ఊరు దాటిపోతే మీ దగ్గర చూపించడానికి చిన్న నోటుబుక్కు తప్ప ఏమీ ఉండదు.

రొక్కం పెట్టి కొంటే వడ్డీ లేదు కదా అంటారు. తొమ్మిది లక్షలు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి 58,500 వచ్చేది, అది పోయింది. అయినా లోను వడ్డీ కంటే ఇది తక్కువే కాబట్టి, కారు కొన్నాక కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగిలేవాళ్ళకు రొక్కమే మేలు. మిగలకపోతే సగం లోనుకు పోండి. ఆసుపత్రి అవసరం వచ్చినప్పుడు కారు లోను రేటుకు డబ్బు దొరకదు.

వ్యాపారం ఉన్నవాళ్ళు ఇంకొకటి అడుగుతారు, ఫర్ము పేరు మీద కొనొచ్చా అని. కొనొచ్చు. వ్యాపారానికి వాడినంత మేరకు వడ్డీ, ఏడాదికి 15 శాతం తరుగుదల ఖర్చు కింద చూపించుకోవచ్చు. అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లోపు వాడకం మొదలైతే ఆ ఏడాదికి పూర్తి 15, తర్వాతైతే సగమే. జీఎస్టీ ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) మాత్రం మామూలు కారుకు రాదు. వస్తుందని షోరూములో చెబితే నమ్మకండి. జీతగాళ్ళకు కారు లోను వడ్డీ మీద పన్ను రాయితీ లేదు. ఎలక్ట్రిక్ కారుకు ఉండిన 80ఈఈబీ సెక్షను రాయితీ కూడా 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే.

పాత బండి

నెలకు ఐదొందలు, ఏడొందల కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు నా ఓటు పాత బండికే. ఐదేళ్ళ బండి నాలుగున్నర లక్షలకు కొని, ఐదేళ్ళు వాడి రెండు లక్షలకు అమ్మితే తరుగు నెలకు 4,200 లోపే. రిపేర్లు, సర్వీసింగు కాస్త ఎక్కువగా 2,500, ఇన్సూరెన్సు 900 వేసినా మొత్తం ఏడున్నర వేలు. 500 కిలోమీటర్ల మీద కిలోమీటరుకు 22 పడుతుంది, కొత్తదానికి 30. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకు ముందు ధరకు కొన్నవాళ్ళు "నేను ఇంత పెట్టాను" అని పాత బిల్లు చూపిస్తే, మీరు ఇవ్వాళ్టి కొత్త కారు ధర నుంచి బేరం మొదలుపెట్టండి.

ఏపీ 26, ఏపీ 27 నంబర్ల బళ్ళు మన చుట్టుపక్కలే తిరిగినవి గనక ఎవరు వాడారో కనుక్కోవచ్చు. అసలు పరీక్ష చెన్నై బండి దగ్గర. నూట డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలో అంత పెద్ద మార్కెట్టు ఉంటే మనవాళ్ళ కళ్ళు అటే పోతాయి. యాభై అరవై వేలు తక్కువకు వస్తుందని తెచ్చుకుంటారు. తెచ్చాక తమిళనాడు ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ లైఫ్ ట్యాక్సు, నంబరు మార్పు. పన్నెండు నెలలు దాటి టీఎన్ నంబరు మీదే తిప్పకూడదు. ఆ ఖర్చు కలిపితే తక్కువకు వచ్చిందనుకున్నది చాలాసార్లు మాయమవుతుంది.

ఇక నీళ్ళు. చెన్నైలో 2015 డిసెంబరులో, మళ్ళీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కార్లు మునిగాయి. మన పెన్నా వరద 2021 నవంబరులో. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి పెడితే పైకి ఏమీ తెలియదు. మెకానిక్కును తీసుకుపోయే ముందు మీరే రెండు పనులు చెయ్యండి. సీటు బెల్టును ఆఖరి దాకా, రీలులోంచి ఇక రానన్నంత వరకు లాగండి. పై రెండడుగులు శుభ్రంగా ఉండి, చివరి భాగంలో మట్టిరంగు గీత ఉంటే ఆ బండిలో నీళ్ళు ఆ ఎత్తుకు వచ్చాయి. కడిగినవాడు సీటు కడుగుతాడు, రీలు లోపల ఉన్న బెల్టు కడగడు. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి, కింద గుంటలో వేలుపెట్టి రుద్దండి. సన్నటి ఇసుక, ఒండ్రు తగిలినా, సీటు కింద పట్టాలకు తుప్పు పొరలు పొరలుగా లేస్తున్నా ఇంక బేరం ఆడే పని లేదు.

మనవైపు సముద్రం పక్కన తిరిగిన బళ్ళకు తుప్పు ఇంకో రకం. మైపాడు, కొత్తపట్నం దగ్గర ఉప్పుగాలిలో ఆరుబయట నిలిపిన బండికి తలుపుల కింది అంచులు, సైలెన్సరు, అడుగు భాగం ముందు పోతాయి. చెరువు గట్ల మీద తిరిగిన బండికీ అంతే. లిఫ్టు మీదకు ఎక్కించి కింద చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కాగితాల దగ్గర బద్ధకం వద్దు. పేరు మార్పు కోసం ఫారం 29, 30 సంతకాలు తీసుకుని "తర్వాత మార్పించుకుంటాంలే" అని వదిలేసేవాళ్ళు ఎక్కువ. అమ్మినవాళ్ళకు ఇది ప్రమాదం. యాక్సిడెంటు జరిగితే ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది. కొన్నవాళ్ళు ఇన్సూరెన్సు తమ పేరుకు పద్నాలుగు రోజుల్లో మార్పించుకోవాలి, లేకపోతే సొంత బండి డ్యామేజీకి డబ్బు రాదు. అమ్మినవాళ్ళ నో క్లెయిమ్ బోనసు (క్లెయిము చెయ్యని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, అది మనిషిది. మీ పాత కారుకు 50 శాతం బోనసు ఉంటే సర్టిఫికెట్టు తీసుకుని కొత్త బండికి వాడుకోండి. ఈ సంగతి తెలియక వదులుకునేవాళ్ళే ఎక్కువ.

పాత బండికి లోను వడ్డీ కొత్తదాని కంటే రెండు, మూడు శాతం పైనే ఉంటుంది. అందుకే పాతది కొనేవాళ్ళు వీలైనంత రొక్కం పెట్టుకోవడం మంచిది.

లీజు, ఎల్లో బోర్డు

కంపెనీ లీజు, నెలవారీ సబ్‌స్క్రిప్షను మన ఊళ్ళో ఉండేవాళ్ళకు పెద్దగా పనికిరావు. చెన్నైలోనో బెంగళూరులోనో పెద్ద కంపెనీలో పనిచేసే మీ అబ్బాయికి ఆఫీసు లీజు ఇస్తే, పై పన్ను స్లాబులో ఉంటే, తీసుకోమనండి. ఉద్యోగం మారితే ఆ లీజు ఏమవుతుందో మాత్రం ముందే చదవమనండి.

ఎల్లో బోర్డు (ట్యాక్సీ నంబరు) కథ వేరు. కృష్ణపట్నం పోర్టు, చుట్టుపక్కల పవర్ ప్లాంట్లు, ఫ్యాక్టరీలు నెలవారీ అద్దెకు కార్లు పెట్టుకుంటాయి. "కారు కొని కంపెనీకి పెట్టేస్తే ఈఎంఐ అదే కట్టుకుంటుంది" అనే మాట బాగా వినపడుతుంది. కట్టుకోవచ్చు, మీరే నడిపితే. డ్రైవరు జీతం, డీజిలు, కమర్షియల్ ఇన్సూరెన్సు, పన్ను, ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్, బిల్లు పెట్టాక డబ్బు రావడానికి పట్టే రెండు మూడు నెలలు, ఇవన్నీ వేస్తే జీతం ఇచ్చి నడిపించేవాళ్ళకు మిగిలేది తక్కువ. కాంట్రాక్టు ఏడాదిది, లోను ఐదేళ్ళది. ఆ తేడా గుర్తుంటే చాలు. వైట్ బోర్డు (సొంత వాడకం) బండిని తెలిసినవాళ్ళకు అద్దెకు ఇవ్వడం మాత్రం వద్దే వద్దు. పర్మిటు లేకుండా బాడుగకు తిప్పాడని తేలితే ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమును తిప్పికొడుతుంది.

కొనకుండా నడుపుకోవడం

మా క్లయింటు ఒకాయన రిటైరైన లెక్చరరు. భార్యాభర్తలిద్దరే. చెన్నైలో కంటి డాక్టరు దగ్గరికి, తిరుమలకు, ఒంగోలులో కూతురింటికి తప్ప కారు అవసరం లేదు. ఊళ్ళో ఆటో. చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్. సామాను, పెద్దవాళ్ళు ఉంటే ట్యాక్సీ. రానూపోనూ 350 కిలోమీటర్లు, కిలోమీటరు 14 చొప్పున 4,900, బేటా, టోలు వేసి ఆరు వేల లోపు. నెలకు ఒకసారి పోయినా, ఆటోలకు ఇంకో రెండు వేలు వేసినా, షెడ్డులో నిలబెట్టే కారు ఖర్చు కంటే తక్కువే. అయినా ఆయన అల్లుడికి నామోషీగా ఉందట. ఆ ఖర్చు నా లెక్కలో లేదు.

ట్యాక్సీ మాట్లాడుకునేటప్పుడు రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్ల లెక్క అన్నది అడగండి. 250 అంటారు, 300 అంటారు. తిరుపతి పోయి రెండో రోజు వస్తే మీరు తిరిగింది 270 అయినా రెండు రోజుల కనీసం కడతారు. అట్లాంటప్పుడు వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి మాట్లాడుకోవడమే చవక.

రాత్రిపూట ఆసుపత్రికి పోవాల్సిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఊరు బస్సు దారికి దూరంగా ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఉదయగిరి, వింజమూరు వైపు పల్లెలో అర్ధరాత్రి ట్యాక్సీకి ఫోన్ చేసి చూసినవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. అక్కడ పాత బండి ఒకటి ఇంటి ముందు ఉండాల్సిందే. నడపడం రాకపోతే యాక్టింగ్ డ్రైవరు ఉన్నాడు. రోజుకు వెయ్యి, భోజనం అనుకున్నా నెలకు నాలుగుసార్లు పిలిస్తే నాలుగు వేలు. నెల జీతపు డ్రైవరుతో పోలిస్తే చాలా తక్కువ. అతని లైసెన్సు ఒకసారి ఫోటో తీసి పెట్టుకోండి.

పెట్రోలా, కరెంటా

కరెంటు కారుకు జీఎస్టీ 5 శాతమే. ఇంట్లో చార్జింగు పెట్టుకుంటే నెల యూనిట్లు పెరిగి మీరు పై స్లాబుకు పోతారు, ఆ సంగతి షోరూములో చెప్పరు. అయినా యూనిట్ పది రూపాయలు, యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు అనుకున్నా కిలోమీటరుకు రూపాయి 70 పైసలు. పెట్రోలు మీద ఐదు రూపాయలు మిగులు. పైకప్పు మీద సోలారు ఉంటే ఇంకా తక్కువ. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. కానీ అదే సైజు పెట్రోలు కారు కంటే మూడు లక్షలు ఎక్కువ పెట్టాల్సి వస్తే, ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి అరవై వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 500 తిరిగేవాళ్ళకు పదేళ్ళు. రోజూ గూడూరు నుంచో కావలి నుంచో నెల్లూరుకు వచ్చిపోయేవాళ్ళకు మూడేళ్ళ లోపే.

బ్యాటరీ అద్దె పద్ధతి కూడా వచ్చింది. ఎంజీ విండ్సర్‌ను 2024 సెప్టెంబరులో కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అని మొదలుపెట్టారు. కరెంటుతో కలిపి కిలోమీటరు ఐదు పైన పడుతుంది, పెట్రోలుకు దగ్గరగా వచ్చేసింది. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లని షరతు ఉందేమో చదవండి. 1,500 అని ఉంటే, తిరిగినా తిరక్కపోయినా 5,250 కట్టాలి.

సీఎన్‌జీ అయితే పంపు మీరు రోజూ పోయే దారిలో ఉందా, క్యూ ఎంత ఉంటుంది, అది చూసుకోండి. మూడేళ్ళకోసారి సిలిండరు టెస్టు తప్పదు. డీజిలు నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటేవాళ్ళకే.

కొన్నాక

వైట్ బోర్డు కార్లకు ఫాస్టాగ్ ఏడాది పాసు 2025 ఆగస్టు 15న వచ్చింది. మొదలైనప్పుడు 3,000 రూపాయలు, 200 సార్లు టోలు దాటడం లేదా ఏడాది, ఏది ముందైతే అది. చెన్నై దారిలో వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, నల్లూరు, రానూపోనూ ఎనిమిది. పాసు మీద పాతిక సార్లు చెన్నై వెళ్ళి రావచ్చు. ఉత్తరం వైపు ముసునూరు, టంగుటూరుకూ ఇదే పాసు. నెలకోసారి చెన్నై పోయేవాళ్ళకు కూడా గిట్టుబాటే. ఎల్లో బోర్డుకు ఇది లేదు.

లోను తీరాక బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 బీరువాలో పెట్టి మర్చిపోతారు. ఆర్సీలో హైపోథికేషను (బ్యాంకు తాకట్టు) తీయించేదాకా కాగితాల మీద బండి బ్యాంకుదే. చాలా ఎన్ఓసీలకు మూడు నెలలే గడువు, దాటితే మళ్ళీ బ్రాంచి చుట్టూ తిరగాలి. ఆఖరి వాయిదా కట్టిన నెలలోనే ఆ పని చేయించి, ఇన్సూరెన్సు పాలసీలో ఉన్న బ్యాంకు పేరు కూడా తీయించేయండి.